గడియారాన్ని దాచిపెట్టినవాళ్లు

2013 జులై 26, తెల్లవారుజాము. అమెరికాలో షికాగోకు పడమటనున్న బటావియా ఊరి రోడ్ల మీద వాహనాలను ఆపేశారు. ముందూ వెనకా రక్షణగా బండ్లు. మధ్యలో, పరుగెత్తే మనిషి దాటిపోగలిగినంత నెమ్మదిగా ఒక భారీ ట్రక్కు వస్తోంది. దాని మీద ఎర్రటి ఉక్కు చట్రం, ఆ చట్రానికి బిగించిన పెద్ద వలయం. ఈ అంచు నుంచి ఆ అంచుకు 15 మీటర్లు. రోడ్డంతా అదే. అందుకే రాత్రి పూట తప్ప దాన్ని కదిలించలేదు. లెమాంట్ రేవు నుంచి ఫెర్మీలాబ్ ప్రయోగశాల గేటు దాకా రావడానికే మూడు రాత్రులు పట్టింది. టోల్ ప్లాజా దగ్గర అటూ ఇటూ కొన్ని అంగుళాల ఖాళీయే మిగిలింది. ఆ మధ్యాహ్నం వలయాన్ని చూడటానికి ప్రయోగశాల ఆవరణకు చుట్టుపక్కల ఊళ్ల జనం వేల సంఖ్యలో వచ్చారు.

అప్పటికి ఆ వలయం చేసిన ప్రయాణం 5,000 కిలోమీటర్లు. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జూన్ నెలాఖర్లో బయలుదేరింది. బార్జి ఎక్కి, అట్లాంటిక్ తీరం వెంబడి దిగి, ఫ్లోరిడాను చుట్టి, మెక్సికో సింధుశాఖలోకి వచ్చింది. అక్కణ్నుంచి కాలువలూ నదులూ పట్టుకుని, మిసిసిపీ మీదుగా ఇల్లినాయ్ రాష్ట్రానికి ఎగువకు చేరింది.

ఎందుకింత చుట్టు? విప్పి ముక్కలుగా తేవచ్చు కదా అనిపిస్తుంది. వీల్లేదు. అందులో ఉన్నవి అతివాహక తీగ చుట్టలు. బ్రూక్‌హేవెన్‌లో, ఆ ఆవరణలోనే, 15 మీటర్ల వ్యాసంతో తెగకుండా చుట్టిన చుట్టలు. కోస్తే పనికిరావు. ప్రయాణంలో ఎక్కడైనా మూడు మిల్లీమీటర్లకు మించి మెలిపడినా పాడైపోయే ప్రమాదం ఉంది. కొత్తది చేయించాలంటే రవాణా ఖర్చుకు పది రెట్లవుతుంది. కాబట్టి పాతదాన్నే, ఉన్నదున్నట్టుగా, సముద్రం మీద తెచ్చారు. ఫెర్మీలాబ్‌లో ఈ ప్రాజెక్టుకు అప్పట్లో మేనేజరుగా ఉన్న క్రిస్ పాలీ విద్యార్థిగా ఉన్నప్పుడు బ్రూక్‌హేవెన్‌లో ఇదే వలయం దగ్గర పనిచేసి డాక్టరేట్ తీసుకున్నవారు.

ఈ శ్రమంతా ఒకే ఒక్క సంఖ్యను ఇంకాస్త కచ్చితంగా తెలుసుకోవడం కోసం.

ఆ సంఖ్య వెనుక కథ 1928 నాటిది. ఎలక్ట్రాన్ గురించి పాల్ డిరాక్ ఒక సమీకరణం రాశారు. ఎలక్ట్రాన్ ఒక అతిచిన్న అయస్కాంతం. దాని అయస్కాంత భ్రామకానికీ దాని స్పిన్ అనే భ్రమణ గుణానికీ మధ్య సంబంధాన్ని తెలిపే అంకెను ‘జీ’ అంటారు. అది సరిగ్గా 2 అని ఆ సమీకరణం చెప్పింది. ఇరవై ఏళ్లకు ప్రయోగాల్లో అది రెండు కాదు, రెండు కంటే రవ్వంత ఎక్కువ అని తేలింది. ఆ రవ్వంత ఎక్కడిదో 1948లో జూలియన్ ష్వింగర్ లెక్కకట్టి చూపించారు. శూన్యం అనుకున్నది నిజంగా ఖాళీ కాదు. అందులో కణాలు క్షణంలో వెయ్యో వంతు కూడా నిలవకుండా పుడుతూ గిడుతూ ఉంటాయి. ఎలక్ట్రాన్ వాటి మధ్యనే ఉంటుంది కనుక దాని అయస్కాంత బలం కాస్త మారుతుంది. జీ లోంచి రెండు తీసేసి సగం చేస్తే మిగిలేది 0.00116 దగ్గర ఉంటుంది. ‘జీ మైనస్ 2’ అని ఈ ప్రయోగాలకు పేరు వచ్చింది ఇందుకే.

ఎలక్ట్రాన్‌కు ఒక బరువైన తోబుట్టువు ఉంది. 1936లో కార్ల్ ఆండర్సన్, సేత్ నెడర్‌మైయర్ విశ్వకిరణాల్లో పట్టుకున్న మ్యూయాన్. అన్ని గుణాలూ ఎలక్ట్రాన్‌వే, బరువు మాత్రం 207 రెట్లు. మనకింకా తెలియని భారీ కణాలేవైనా ఆ శూన్యంలో తచ్చాడుతుంటే, వాటి ప్రభావం ఎలక్ట్రాన్ మీద కంటే మ్యూయాన్ మీద సుమారు 43,000 రెట్లు ఎక్కువగా పడుతుంది. అంటే, కొత్త కణాన్ని సృష్టించేంత పెద్ద యంత్రం చేతిలో లేకపోయినా, మ్యూయాన్ అయస్కాంత భ్రామకాన్ని బాగా కొలిచి, సిద్ధాంతం చెప్పే విలువతో పోల్చి చూస్తే, దాగి ఉన్నదేదైనా ఉంటే తేడాగా బయటపడుతుంది. అందుకే ఎనిమిదో తొమ్మిదో దశాంశ స్థానం దగ్గర మనుషులు జీవితాలు వెచ్చించారు.

కొలిచే పద్ధతి వినడానికి సులువే. అయస్కాంత క్షేత్రంలో పడ్డ మ్యూయాన్, ఒరిగిన బొంగరంలా, తన స్పిన్ దిశను తిప్పుకుంటూ పోతుంది. ఆ తిరుగుడు వేగాన్ని, క్షేత్రం బలాన్ని కొలిస్తే రెంటి నిష్పత్తిలోంచి కావలసిన సంఖ్య వస్తుంది. చిక్కల్లా మ్యూయాన్ ఆయుష్షుతోనే. సెకనులో పది లక్షో వంతులు 2.2. అంతే. కానీ కాంతి వేగానికి చేరువగా పోతుంటే మన గడియారం ప్రకారం అది ఎక్కువ కాలం బతకాలి. వేగంగా పోయే ఇలాంటి కణాల క్షయంలో ఐన్‌స్టీన్ సాపేక్షతకు రుజువు దొరుకుతుందని 1938లోనే రాసినవాడు మన హోమీ భాభా. ఈ అయస్కాంత వలయంలో మ్యూయాన్ సగటున 64 మైక్రోసెకన్లు బతుకుతుంది. ఒక చుట్టుకు 149 నానోసెకన్ల చొప్పున వందల చుట్లు తిరిగి, చివరికి పాజిట్రాన్‌ను, అంటే ధనావేశపు ఎలక్ట్రాన్‌ను, వదిలి మాయమవుతుంది. చనిపోయే క్షణంలో స్పిన్ ఎటు చూస్తోందో ఆ దిశలోనే శక్తిమంతమైన పాజిట్రాన్లు ఎక్కువగా వెళ్తాయి. వలయం లోపలి అంచున 24 చోట్ల అమర్చిన పరికరాలు వాటిని లెక్కపెడతాయి. లెక్క పెరుగుతుంది, తగ్గుతుంది, మళ్లీ పెరుగుతుంది. 4.37 మైక్రోసెకన్లకు ఒక అల. ఆ అలే కొలత.

ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాల 1959 నుంచి 1979 దాకా మూడు ప్రయోగాలు చేసి ఈ దారి వేసింది. వాటన్నిటిలో పాల్గొన్న ఫ్రాన్సిస్ ఫార్లీ తర్వాత బ్రూక్‌హేవెన్ ప్రయోగంలోనూ ఉన్నారు. అక్కడ బృందానికి పెద్ద యేల్ విశ్వవిద్యాలయపు వెర్నన్ హ్యూస్. 2001 ఫిబ్రవరిలో వారి ఫలితం వెలువడింది. సిద్ధాంతం చెప్పిన విలువకూ కొలిచిన విలువకూ మధ్య 2.6 సిగ్మాల ఎడం (సిగ్మా అంటే అనిశ్చితిని కొలిచే ప్రమాణం). అలాంటి తేడా యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం వందలో ఒకటి. పత్రికలు కొత్త భౌతికశాస్త్రం తలుపు తెరుచుకుందన్నాయి. నెలల్లోనే వందలాది సిద్ధాంత వ్యాసాలు పుట్టాయి.

ఆ సంవత్సరం నవంబరులో ఫ్రాన్స్‌లోని మార్సెయ్ నుంచి ఒక చేదు వార్త వచ్చింది.

మార్క్ నెఖ్ట్, ఆండ్రియాస్ నిఫ్లర్ అనే ఇద్దరు సిద్ధాంతకర్తలు అక్కడ లెక్కలో ఒక చిన్న భాగాన్ని మళ్లీ వేశారు. కాంతి కణాలు కాంతి కణాలను తాకి చెదిరినప్పుడు మధ్యలో బలమైన అన్యోన్యచర్య చూపే కణాలు తోసుకొచ్చే భాగం అది. పరిమాణం వాళ్లకూ ఇంచుమించు మునుపటంతే వచ్చింది. గుర్తు మాత్రం తిరగబడింది. అంతకుముందు అందరూ ఆ భాగాన్ని తీసివేస్తూ వచ్చారు. వీళ్ల లెక్కలో అది కలపాల్సింది.

మునుపటి లెక్క వేసినవారిలో ఒకరు కార్నెల్ విశ్వవిద్యాలయంలోని తొయిచిరో కినోషితా. ఈ రంగంలో ఆయన పేరు తెలియనివారు లేరు. కణాల చర్యలను గీసి చూపే ఒక్కో చిత్రానికి పేజీలకు పేజీల గణితం ఉండే లెక్కలను దశాబ్దాలుగా వేస్తున్న మనిషి. తర్వాతి కాలంలో ఆయన బృందం 12,672 చిత్రాలున్న ఒక దశను పూర్తి చేసింది కూడా. అలాంటాయన, సహచరుడు మసాషి హయకావాతో కలిసి తన లెక్కను మొదటి నుంచీ తవ్వారు. బీజగణితం చేసిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లో ఒక రాశికి గుర్తును వాళ్లు అనుకున్న సంప్రదాయంలో కాక వేరే సంప్రదాయంలో తీసుకునే ఏర్పాటు ఉంది. అక్కడ దొరికింది తప్పు. డిసెంబరు ముగియకముందే ఇద్దరూ ఆ సంగతి రాతపూర్వకంగా ప్రకటించారు. 2.6 సిగ్మాల ఎడం 1.6కు పడిపోయింది.

ఒక మైనస్ గుర్తు! ప్రపంచమంతా చర్చించుకున్న తేడాలో పెద్ద భాగం అదే. అయినా ఈ ఘట్టంలో నాకు కనిపించేది అవమానం కాదు. వ్యాసం వచ్చిన కొద్ది వారాల్లోనే, అంత పేరున్న పెద్దాయన తన లెక్కను తానే విప్పి, లోపం ఎక్కడుందో వేలు పెట్టి చూపించారు. వాదించలేదు. ఇది అంత తేలికైన పని కాదని ఏ వృత్తిలో ఉన్నవాళ్లకైనా తెలుసు.

బ్రూక్‌హేవెన్ బృందం కొలుస్తూనే పోయింది. 2003లో హ్యూస్ కన్నుమూశారు. 2006లో తుది నివేదిక వచ్చింది. అందులో వాడిన ఒక స్థిరాంకాన్ని తర్వాత సవరించాక ఆ సంఖ్య 0.00116592089, చివరి రెండు స్థానాల్లో 63 అనిశ్చితి. సిద్ధాంతం లెక్కలూ మెరుగుపడే కొద్దీ ఎడం మళ్లీ తెరుచుకుని మూడు సిగ్మాలు దాటింది. కనుగొన్నామని చెప్పడానికి ఐదు కావాలి. అవునని అనలేరు, కాదని అనలేరు. యంత్రం ఆగిపోయింది. వలయం అలాగే పడి ఉంది. ఇంకా తీవ్రమైన మ్యూయాన్ పుంజం ఫెర్మీలాబ్‌లో దొరుకుతుందని తెలిసినవాళ్లు, డేవిడ్ హెర్ట్‌జాగ్, లీ రాబర్ట్స్ వంటివారు, ఈ వలయాన్ని అక్కడికి తీసుకెళ్లాలని పట్టుబట్టారు.

వచ్చింది సరే, అది మళ్లీ పనిచేస్తుందా? 2015లో చుట్టలను మైనస్ 268 డిగ్రీలకు చల్లబరిచారు. ఆ సెప్టెంబరులో క్షేత్రం అనుకున్న 1.45 టెస్లాలకు చేరింది. సముద్రం, నదులు, రోడ్లు దాటివచ్చిన తీగ చెక్కుచెదరలేదు.

ఆ తర్వాతది, నా దృష్టిలో, ఈ గాథలో అందరూ తక్కువగా చెప్పుకునే పని. క్షేత్రం బలంగా ఉంటే చాలదు, వలయం పొడవునా సమానంగా ఉండాలి. సి ఆకారంలో ఉండే 12 ఉక్కు ఖండాలు, వాటికి 72 ధ్రువ ఫలకాలు. ఒక్కో ఫలకం ఎత్తు వెంట్రుకవాసి తేడా ఉన్నా క్షేత్రం అక్కడ ఎగుడుదిగుడవుతుంది. 2015 అక్టోబరులో మొదలుపెట్టి నెలల తరబడి సరిదిద్దారు. ముందు ఫలకాలను కదిపి మట్టసం చేశారు. తర్వాత 864 ఉక్కు చీలలను లోపలికి వెలుపలికి జరిపారు. చివరికి కాగితమంత పలచని ఇనుప రేకులు. ఎక్కడ క్షేత్రం తక్కువుందో అక్కడ లెక్క చూసుకుని, అవసరమైనంత వెడల్పు రేకు కత్తిరించి, ఫలకం మీద అతికించారు. కొలిచారు. మళ్లీ అతికించారు. అలా 8,000 పైచిలుకు రేకులు. పని ముగిసేసరికి క్షేత్రం బ్రూక్‌హేవెన్‌లో ఉన్నదానికంటే మూడు రెట్లు సమంగా వచ్చింది.

అంతటితో వదిలేయలేదు. 17 సూక్ష్మ పరికరాలు మోసే ఒక బండి శూన్యగది లోపల పట్టాల మీద, కేబుల్ లాగుతుండగా, మ్యూయాన్లు పోయే దారంతా పాకుతూ క్షేత్రాన్ని చదివేది. ఆ పరికరాల్లో ఉన్నది మన ఇళ్లలో పెదాలకు రాసుకునే పెట్రోలియం జెల్లీయే. నీటిలాగా ఆవిరైపోదు, దాంట్లోని ప్రోటాన్లు క్షేత్రం బలమెంతో చెబుతాయి. బండి మూడు రోజులకొకసారి తిరిగేది. మధ్య రోజుల్లో గది గోడల్లో అమర్చిన 378 పరికరాలు కాపలా కాసేవి.

2018లో మొదటి విడత కొలతలు. అనుకోని చిక్కులూ వచ్చాయి. పుంజాన్ని గాడిలో పెట్టే విద్యుత్ పలకల దగ్గర 32 నిరోధకాల్లో రెండు పాడైనట్టు తర్వాత బయటపడింది. హాలు వేడెక్కి చల్లబడుతుంటే అయస్కాంతమూ దానితోపాటు మారుతోంది. నిరోధకాలు మార్చారు, అయస్కాంతానికి దుప్పట్లు చుట్టారు, హాలు చల్లదనాన్ని మెరుగుపరిచారు. పాడైన రోజుల ప్రభావాన్ని విడిగా లెక్కకట్టి దిద్దుకున్నారు.

వీటన్నిటికంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. అది మనిషి మనసు. కావలసిన జవాబు ముందే తెలిసినవాడు, ఆ జవాబు కనబడగానే తప్పులు వెతకడం మానేస్తాడు. దురుద్దేశం అక్కర్లేదు. అలసట చాలు. ఈ బృందంలో ఎందరో ఇరవై ఏళ్లు ఎదురుచూసినవాళ్లు. బ్రూక్‌హేవెన్ సంఖ్య వాళ్లకు కంఠతా వచ్చు. అది మళ్లీ రావాలని ఎవరి మనసు కోరుకోదు?

అందుకని గడియారాన్ని దాచిపెట్టారు. స్పిన్ తిరుగుడును కొలవాలంటే కాలాన్ని కొలవాలి. కాలాన్ని చూపే ప్రధాన గడియారం సెకనుకు 4 కోట్ల సార్లు కొట్టుకునేది. దాన్ని ఆ విలువ నుంచి కొద్దిగా పక్కకు జరిపి బిగించారు. ఎంత జరిపారో తెలిసింది ఇద్దరికే. ఫెర్మీలాబ్‌లోని జో లైకెన్, గ్రెగ్ బాక్. ఇద్దరూ ప్రయోగ బృందంలో సభ్యులు కారు. గడియారాన్ని తాళంలో పెట్టారు. అసలు అంకెను కవర్లలో పెట్టి అంటించారు. ఇక లోపల ఎంతమంది ఎంత జాగ్రత్తగా లెక్క వేసినా, వచ్చే సంఖ్య సరైనదో కాదో ఎవరికీ తెలియదు. అలా తెలియని స్థితిలోనే మూడేళ్లు పనిచేశారు. ఆరు బృందాలు వేర్వేరుగా డేటాను విశ్లేషించాయి. ఒక్కో బృందం మీద మరో రహస్య సంఖ్య ముసుగు. ఒకరి లెక్కను చూసి మరొకరు సర్దుకోకుండా. లోపాలన్నీ దిద్దేసి, ఇక మార్చేదేమీ లేదని అందరూ ఒప్పుకున్నాకే కవర్లు తెరవాలి. తెరిచాక ఏది వస్తే అదే ప్రచురించాలి.

2021 ఫిబ్రవరి 25. కరోనా రోజులు. ఒకే గదిలో చేరే వీలు లేదు. నూటికి పైగా శాస్త్రవేత్తలు తమ తమ ఇళ్ల నుంచి వీడియో సమావేశంలో చేరారు. తెరుద్దామా అని అడిగితే ఎవరూ కాదనలేదు. కవర్లు తెరిచారు. లోపలి సంఖ్యను ప్రోగ్రామ్‌లో వేశారు. తెర మీద వచ్చింది 0.00116592040. అనిశ్చితి 54.

బ్రూక్‌హేవెన్ చెప్పినది 2089. ఇది 2040. రెండు అనిశ్చితులూ కలిపి చూస్తే ఒకే సంఖ్య. వేరే పుంజం, కొత్త డిటెక్టర్లు, కొత్త తరం మనుషులు, కళ్లకు గంతలు. అయినా అదే జవాబు. ఆ ఒక్క నిమిషం కోసమే ఆ వలయాన్ని సముద్రం మీద తెచ్చారని నేనంటాను.

ఏప్రిల్ 7న ప్రపంచానికి చెప్పారు. పాతదీ కొత్తదీ కలిపితే సిద్ధాంతంతో ఎడం 4.2 సిగ్మాలు. యాదృచ్ఛికమయ్యే అవకాశం 40,000లో ఒకటి. పత్రికల మొదటి పేజీల్లో మళ్లీ మ్యూయాన్.

సరిగ్గా అదే రోజు ‘నేచర్’ పత్రికలో మరో వ్యాసం వచ్చింది. బుడాపెస్ట్, మార్సెయ్, వుపర్టాల్ నగరాల పేర్ల మొదటి అక్షరాలతో బీఎండబ్ల్యూ అని పిలుచుకునే బృందానిది. సిద్ధాంతం లెక్కలో అన్నిటికంటే మొండి భాగం, ప్రోటాన్ల వంటివాటిని కూర్చే క్వార్కులు శూన్యంలో కలిగించే ప్రభావం. దాన్ని అప్పటిదాకా ఎలక్ట్రాన్‌ను పాజిట్రాన్‌తో ఢీకొట్టిన ప్రయోగాల నుంచి తీసుకునేవారు. వీళ్లు స్థలకాలాలను గడులుగా విడగొట్టి, సూపర్‌కంప్యూటర్ల మీద మూలసూత్రాల నుంచి లెక్కకట్టారు. వచ్చిన విలువ ఫెర్మీలాబ్ కొలతకు దగ్గరగా ఉంది. అదే నిజమైతే తేడా దాదాపు లేనట్టే. 2023 ఫిబ్రవరిలో రష్యాలోని నోవోసిబిర్స్క్ నుంచి సీఎండీ-3 ప్రయోగం, పాత ఢీకొట్టుడు కొలతలన్నిటితోనూ విభేదించే ఫలితం ప్రకటించింది. అదీ తేడాను తగ్గించేదే. ఆ సంవత్సరం జులై 9న ఫెర్మీలాబ్ వలయంలో చివరి మ్యూయాన్ తిరిగింది. అదే ఏడాది కినోషితా 98 ఏళ్ల వయసులో మరణించారు.

2025 మే 27న సిద్ధాంతకర్తల ఉమ్మడి బృందం కొత్త విలువ ప్రకటించింది. 0.00116592033, అనిశ్చితి 62. వారం తిరక్కుండా జూన్ 3న ఫెర్మీలాబ్ తుది ఫలితం వచ్చింది. 0.001165920705. అనిశ్చితి వంద కోట్లలో 127 పాళ్లు. మొదట్లో పెట్టుకున్న లక్ష్యం 140. సిద్ధాంతానికీ కొలతకూ మధ్య ఇప్పుడు చెప్పుకోదగ్గ ఎడం లేదు.

కొత్త కణం దొరకలేదు కనుక శ్రమ వృథా అన్నవాళ్లున్నారు. వాళ్లతో నేను ఏకీభవించలేను. 2001లో 0.0011659202 అన్నారు. 2006లో, 2021లో, 2023లో, 2025లో అదే సంఖ్య, ప్రతిసారీ ఇంకాస్త పదునుగా. ఈ పాతికేళ్లలో మారినవి లెక్కలే. ఓసారి గుర్తు దగ్గర, ఓసారి క్వార్కుల దగ్గర. కొలత నిలబడింది కనుకనే లెక్కలో లోపాలు ఎక్కడున్నాయో వెతకాల్సి వచ్చింది, దొరికాయి.

అన్నీ దొరికాయని కాదు. కొత్త సిద్ధాంత విలువకు గడుల లెక్కలే ఆధారం. పాత ఢీకొట్టుడు ప్రయోగాలు మాత్రం సీఎండీ-3తోనూ, ఆ లెక్కలతోనూ ఇప్పటికీ కలవడం లేదు. ఒక్కో ప్రయోగం వెనుక ఏళ్ల శ్రమ ఉంది, ఏదీ పక్కన పడేసేది కాదు. జపాన్‌లోని జే-పార్క్ కేంద్రం పూర్తిగా వేరే పద్ధతిలో, నెమ్మది మ్యూయాన్లతో, ఈ సంఖ్యను కొలవడానికి సిద్ధమవుతోంది. సెర్న్‌లో మ్యూయాన్లను ఎలక్ట్రాన్ల మీదకు వదిలి, ఆ క్వార్కుల భాగాన్ని మూడో దారిలో కొలవాలనే ప్రయత్నం నడుస్తోంది. సిద్ధాంతం అనిశ్చితి ఇప్పుడు కొలత అనిశ్చితికి నాలుగు రెట్లుంది. దాన్ని తగ్గించాల్సిన పని కాగితాల దగ్గర, కంప్యూటర్ల దగ్గర కూర్చున్నవాళ్లది.